గుండ్రం మాస్టారి గుడ్డు

వైర్‌లెస్ అన్నారు. అట్టపెట్టె విప్పితే ముందుగా చేతికి తగిలింది వైరే.

“అది చార్జింగుకి నాన్నా, పక్కన పెట్టు” అంది మా అమ్మాయి అమెరికాలోని ఫ్రిస్కో నుంచి, ఫోన్ తెర మీద ఆవలిస్తూ. పక్కన పెట్టాను. దాని కింద నల్లటి పలక. అచ్చం నా చిన్నప్పటి పలకే. చెక్క చట్రం లేదు, మూల విరగలేదు, అంతే తేడా. ఒక పెన్ను, చిటికెన వేలి గోరంత రిసీవరు, ఇంకో పొట్లంలో జీలకర్ర గింజల్లాంటివి ఓ పది. అవి విడి ములుకులట. పెన్ను తీసి పలక మీద ‘శ్రీ’ రాశాను. ఏమీ పడలేదు. ఇంకా గట్టిగా రాశాను. ఊహూఁ.

“పలక వైపు కాదు, కంప్యూటర్ వైపు చూడు నాన్నా.”

చూశాను. తెర మీద ఎవడో కల్లు తాగి సైకిలు తొక్కినట్టు రెండు గీతలున్నాయి. అవి నా ‘శ్రీ’లేనట.

నా గురించి ఇక్కడ రెండు ముక్కలు చెప్పుకోవాలి, లేకపోతే నా బాధ మీకు అర్థం కాదు. రాజమండ్రిలో 31 ఏళ్ళు ఇంటర్మీడియట్ పిల్లలకి లెక్కలు చెప్పాను. కాలేజీలో నా పేరు ఎవరికీ తెలీదు. గుండ్రం మాస్టారు అంటేనే తెలుస్తుంది. బోర్డు ముందు నిలబడి భుజం దగ్గర్నుంచి చెయ్యి ఒక్క తిప్పు తిప్పితే వృత్తం పడేది. ఎక్కడ మొదలెట్టానో ఎక్కడ ముగించానో వెతుక్కోవాల్సిందే. ఓసారి తనిఖీకొచ్చిన పెద్దమనిషి నమ్మలేక, అటెండరు చేత పురికొస తెప్పించి అడ్డంగా నిలువుగా కొలిపించాడు. కొలిచి, ఏమీ అనకుండా టీ తాగి వెళ్ళిపోయాడు. అంతకు మించిన సన్మానం నాకు జరగలేదు.

రిటైరయ్యాక మా అమ్మాయి తన స్నేహితుల పిల్లలు ఏడుగురిని నాకు అప్పజెప్పింది. శనివారం పొద్దున్న 6 గంటలకి క్లాసు. వాళ్ళకి అది ఇంకా శుక్రవారం రాత్రి ఏడున్నర. నవంబరు మొదటి ఆదివారం నాడు వాళ్ళ దేశం గడియారాలన్నీ గంట వెనక్కి తిప్పుకుంటుంది కాబట్టి, ఆ తర్వాత నాకు 7 అవుతుంది. ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మొదటి ఏడాది చీకటితోనే లేచి, తల దువ్వుకుని, ఖాళీ తెర ముందు గంటసేపు కూచున్నాను.

మొదట్లో మౌసుతో చెప్పేవాణ్ణి. మౌసుతో వర్గమూలం గుర్తు రాయడమంటే సబ్బుబిళ్ళతో సంతకం చెయ్యడమే. అందుకే మా అమ్మాయి ఈ పలక పంపింది.

సరే, పలకతో మొదటి క్లాసు. శంకువు పరిచ్ఛేదాలు మొదలెట్టాలి. ఏడు నల్లటి గళ్ళు. పిల్లలెవరూ కెమెరా పెట్టరు, పేర్లు మాత్రం కనిపిస్తాయి. “వృత్తం ఎలా గీస్తారో చూడండి” అని, సుద్దముక్క పట్టినట్టు పెన్ను పట్టి, ఒక్క తిప్పు తిప్పాను. తెర మీద కోడిగుడ్డు పడింది.

చెరిపాను. మళ్ళీ తిప్పాను. మళ్ళీ గుడ్డే. మూడోసారి పలక వైపే చూస్తూ తిప్పాను. నా కళ్ళారా చూశాను, చెయ్యి గుండ్రంగానే తిరిగింది. తల ఎత్తితే గుడ్డు.

ఒక గడిలోంచి ఓ పిల్లాడు మర్యాదగానే అడిగాడు: “సర్, దిస్ ఈజ్ ఎలిప్స్, రైట్? ఎక్సెంట్రిసిటీ ఎంత?”

వాడు వెటకారమాడలేదు. అదే ఎక్కువ బాధ. ఆ రాత్రి నిద్రపట్టక స్కేలు పెట్టి కొలిచాను. పలక మీద రాసే చోటు వెడల్పు 10 అంగుళాలు, ఎత్తు ఆరుంపావు. అంటే 16కి 10. మా లాప్‌టాప్ తెర 16కి 9. ఈ పలకనంతా ఆ తెర నిండా సాగదీస్తే ఏ వృత్తమైనా అడ్డంగా సాగక ఏం చేస్తుంది? నిలువు, అడ్డంలో సరిగ్గా 0.9 వంతు. వాడడిగిన ఎక్సెంట్రిసిటీ, అదే ఉత్కేంద్రత, 0.19కి వర్గమూలం, సుమారు 0.44. దోషం నా చేతిది కాదు, నిష్పత్తిది! అర్ధరాత్రి మా ఆవిణ్ణి లేపి చెప్పాను. “పోన్లెండి, గుడ్డయినా పెట్టింది” అని అటు తిరిగి పడుకుంది.

మర్నాడు అమ్మాయి సెట్టింగుల్లో నిష్పత్తి మారకుండా ఉంచే గడిలో టిక్కు పెట్టించింది. పలక అడుగున ఓ అంగుళం కన్నా తక్కువ పట్టీ పనికిరాకుండా పోయింది, వృత్తం దక్కింది. కానీ ఈలోగా ఫ్రిస్కోలో నాకు కొత్త పేరు స్థిరపడిపోయింది. ఎగ్ సర్.

పెన్ను సంగతి వేరు. దానికి బ్యాటరీ లేదు, చార్జింగు లేదు. పలక అడుగున సన్నటి తీగల వల ఉంటుంది. అది సంకేతం పంపితే పెన్నులోని తీగచుట్ట దానికి స్పందించి తిరిగి జవాబిస్తుంది. ఒక తంబురా తీగ మీటితే, అదే శ్రుతిలో ఉన్న పక్క తంబురా తీగ దానంతటదే సన్నగా మోగుతుంది చూడండి, అదే సూత్రం. జపాన్‌లో 1983లో పుట్టిన వాకోమ్ అనే కంపెనీ ఆ మరుసటి ఏడే తోక లేని పెన్నుతో పలక తెచ్చింది. ‘వా’ అంటే వాళ్ళ భాషలో సామరస్యమట. నాది వాళ్ళ పలక కాదు లెండి, అందుకని సామరస్యం గురించి నేను మాట్లాడకూడదు.

ఇంకా వెనక్కి వెళ్తే 1888 నాటికే ఎలైషా గ్రే అనే అమెరికా ఆయన, ఇక్కడ కలంతో రాస్తే తీగ మీద వెళ్ళి అక్కడ ఇంకో కలం అదే రాతలో రాసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అంతకు పన్నెండేళ్ళ ముందు టెలిఫోన్ కోసం గ్రాహంబెల్ తరఫువాళ్ళు పేటెంటు ఆఫీసుకి వెళ్ళిన రోజే తన కాగితాలూ చేరి, చరిత్రలో వెనకబడిపోయిన మనిషి ఈయనే. నాకెందుకో ఆయనంటే అభిమానం. మాట పంపడంలో ఓడిపోయి, చేతిరాత పంపడానికి పూనుకున్నాడు. ఆన్‌లైన్ మాస్టార్లు ఫోటో పెట్టుకోదగ్గ మనిషి ఆయన.

ఒత్తిడి విషయంలో మాత్రం నేను చాలా ఇబ్బంది పడ్డాను. ఈ పెన్ను నొక్కుడులో 8192 మెట్లు గుర్తిస్తుందట. 2కి 13వ ఘాతం. అంకె ముచ్చటగానే ఉంది, కానీ 31 ఏళ్ళు సుద్దముక్కతో నొక్కిన చెయ్యి నాది. నాకు తెలిసినవి రెండే మెట్లు: రాయడం, సుద్ద విరగడం. నా స్పర్శరేఖలు గారెల్లా పడేవి. ములుకు నెల తిరక్కుండా అరిగిపోయింది. జీలకర్ర పొట్లం గబగబా ఖాళీ అవుతుంటే కంప్యూటర్ షాపు కుర్రాణ్ణి అడిగాను. “ఆయ్, అవి ఏడాదొస్తాయండి మాస్టారూ. మీరు దాంతో రాస్తన్నారా, దున్నుతున్నారా అండి?” అన్నాడు.

తర్వాత తర్వాత క్లాసు లేనప్పుడు బొమ్మలు వేద్దామని బుద్ధి పుట్టింది. కుర్రతనంలో నేను చిత్రకారుణ్ణి అయిపోదామనుకున్నవాణ్ణి. మా ఊరి గోదావరి ఒడ్డున దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో గంటలు గంటలు నిలబడేవాణ్ణి. 1925లో 27 ఏళ్ళకే మశూచితో పోయిన మనిషి అన్ని బొమ్మలు ఎప్పుడు వేశాడా అని లెక్క కట్టేవాణ్ణి. లెక్క కట్టడంలోనే ఉద్యోగం వచ్చేసింది, బొమ్మ రాలేదు.

క్రిటా అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ దించుకున్నాను. గోదావరి మీది ఆర్చి వంతెన వేద్దామని కూచున్నాను. దానికి 28 కమానులు. ఒకటి గీశాను, మిగతా 27 కాపీ కొట్టాను. పరీక్ష హాల్లో కాపీ కొట్టినవాళ్ళని పట్టుకున్న చేత్తోనే కొట్టాను, సిగ్గేమీ వెయ్యలేదు. తర్వాత నీళ్ళు, నీడలు. దీనిలో పొరలుంటాయి. నీళ్ళు ఒక పొర మీద, వంతెన ఒక పొర మీద వెయ్యాలి. నేను ఏ పొర మీదున్నానో చూసుకోకుండా రెండూ ఒకదాని మీదే వేశాను. నీళ్ళ రంగు నచ్చక తుడిస్తే, వరద రాకుండానే వంతెన కొట్టుకుపోయింది. ‘అన్‌డూ’ నొక్కితే తిరిగొచ్చింది. ఇంకోసారి నొక్కితే ఇంకొంచెం వెనక్కి. అలా వెనక్కి వెనక్కి వెళ్ళి తెల్ల కాగితం దగ్గర ఆగాను. బొమ్మ మొత్తంలో నాకు తృప్తినిచ్చింది ఆ ఘట్టమే.

అసలు చిక్కెక్కడుందో ఒక సాయంత్రం అర్థమైంది. ఎక్కడ రాస్తున్నావో అక్కడ చూడకుండా రాయాలి. నాకు ఐదో ఏట నుంచి నేర్పినదల్లా ‘చూసి రాయి’. తల ఎత్తితే నెత్తి మీద మొట్టికాయ. ఇప్పుడు ఈ వయసులో చెయ్యి ఒక ఊళ్ళో, కన్ను ఒక ఊళ్ళో కాపురం పెట్టమంటే? టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కూడా ‘ఏ ఎస్ డి ఎఫ్’ దగ్గరే మీటల వైపు చూసి లోయర్ తప్పినవాణ్ణి.

ఇలా విచారిస్తూ హాల్లోకి వచ్చాను. మా ఆవిడ సీరియల్ చూస్తోంది. ఒళ్ళో చేటలో మల్లెమొగ్గలు. కళ్ళు తెర మీద అత్తగారి కుట్ర మీదున్నాయి. చేతులు మాత్రం రెండు మొగ్గలిటు, రెండటు, దారం ఒక చుట్టు, ముడి. మళ్ళీ రెండిటు, రెండటు. కుట్ర ముదిరేకొద్దీ దండ పొడుగవుతోంది. మూర దాటింది. ఒక్కసారి కిందికి చూడలేదు. ఒక్క మొగ్గ తలకిందులవలేదు.

“కిందికి చూడకుండా ఎలా కడతావు?” అన్నాను.

“చూస్తే ఆలస్యమవుతుంది. అడ్డు తప్పుకోండి.”

పలక తెచ్చి ఒళ్ళో పెట్టి, ఏదైనా గీయమన్నాను. తెర వైపు చూస్తూ తీగా, ఆకులూ, పువ్వూ గీసి, పెన్ను నా చేతిలో పెట్టి, దండ అందుకుంది. ప్రకటనలు అయ్యేలోపు అయిపోయింది. నాకు ఆ పలకతో పరిచయం అప్పటికి నాలుగు నెలలు.

ఇంక ఈ వైర్‌లెస్ సంగతి. శరత్కాలమంతా క్లాసు మధ్యలో, సరిగ్గా 20 నిమిషాలు కాగానే, పెన్ను తడబడేది. స్పర్శరేఖ గీస్తుంటే మధ్యలో ఆగి, ఆలోచించుకుని, ఒక్క గంతు వేసి అవతల పడేది. రిసీవరు మార్చి చూశాను, చార్జింగు నింపి చూశాను. చివరికి లెక్కల మాస్టారిలాగా, ఏమేం కలిసొస్తున్నాయో ఒక నోటుపుస్తకంలో రాశాను. తడబడ్డ ప్రతిసారీ నిమిషంలోపు నా చేతికి కాఫీ వచ్చింది. గోడకి ఇటు నా బల్ల, అటు వంటింట్లో మైక్రోవేవ్ ఓవెను. రిసీవరు మాట్లాడుకునేదీ, ఓవెను పాలు కాచేదీ సుమారు ఒకే పౌనఃపున్యంలో, 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర. ఓవెన్లోంచి కాస్త బయటికి జారినా చాలు, పెన్ను గొంతు దానిలో కలిసిపోతుంది. పాలకీ పైథాగరస్‌కీ మధ్య తగవు!

వైరు పెట్టుకుని వాడుకోవచ్చు. కానీ మొదటి రోజు ‘పక్కన పెట్టిన’ వైరు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ దొరకలేదు. అమ్మాయికి చెప్పలేదు. ఫోన్ చార్జరు వైరుతోనే దానికీ చార్జింగు పెడుతున్నాను. అది చార్జింగు ఎక్కిస్తుందే కానీ గీతలు మొయ్యదు. కాబట్టి ఇంట్లో శాసనం చేశాను. శనివారం క్లాసు అయ్యేదాకా ఓవెను ముట్టరాదు. కాఫీ పొయ్యి మీదే.

ధనుర్మాసం వచ్చింది. ఒక శనివారం సమరూపత చెబుతున్నాను. ఓ పిల్ల అడిగింది, “సర్, మా మమ్మీ గరాజ్ ముందు ముగ్గు స్టిక్కర్ పెట్టింది. అది సిమ్మెట్రికా?”

వాకిట్లోంచి ముగ్గు చేతులతో లోపలికొస్తున్న మా ఆవిడ గుమ్మంలో ఆగిపోయింది. “స్టిక్కరా?”

ఆ మాటకి ఆవిడ ముఖం నేను చూశాను. పిల్లలు చూడలేదు, అదృష్టవంతులు. చెయ్యి కొంగుకి తుడుచుకుని, నా కుర్చీలో కూచుని, పెన్ను అందుకుంది. 15 చుక్కలు, 8 వచ్చేదాకా సందుచుక్క. టకటకా పడుతున్నాయి. నేను పక్కన నిలబడి కూడుతున్నాను. 8 నుంచి 14 దాకా కూడితే 77, పైనా కిందా కలిపి 154, నడుమ 15. మొత్తం 169.

“13 స్క్వేర్!” అన్నాను ఎగిరి గంతేసినంత పని చేసి. “ఆరు మూలల ఆకారంలో పెట్టిన చుక్కలు లెక్కకి చదరమయ్యాయి, చూశారా?”

ఎవరూ వినలేదు. ఏడు గళ్ళలో ఐదింట్లో కెమెరాలు వెలిగాయి. ఏడాదిగా నేను మొహం ఎరగని పిల్లలు, కళ్ళజోళ్ళతో, పళ్ళ క్లిప్పులతో, తెరకి దగ్గరగా జరిగి చూస్తున్నారు. గీత తిప్పిన చోటల్లా సన్నంగా మొదలై, నిండుగా సాగి, మళ్ళీ సన్నమవుతోంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెడు పిండి వదిలే వేళ్ళకి 8192 మెట్లు ఒకరు నేర్పాలా?

ఒకచోట గీత ఒక చుక్క వదిలేసి పక్క దారి పట్టింది. నేను ‘అన్‌డూ’ మీద వేలు పెట్టబోయాను. చేతి మీద ఒక్కటేసింది.

“ఆంటీ, మిస్టేక్!” అన్నాడు ఎక్సెంట్రిసిటీ పిల్లాడు.

“అవును నాన్నా. ఇప్పుడు అటు పక్క కూడా ఇదే మిస్టేక్ వేస్తాం. అప్పుడు డిజైను.”

ఐదు కెమెరాలూ నవ్వాయి. అటుపక్కా అదే మెలిక తిప్పింది. నా పాఠంలో సమరూపతకి మూడు నిర్వచనాలు, రెండు పటాలు ఉన్నాయి. వాటి అవసరం ఇవాళ్టికి ఉండదని తేలిపోయింది. నుంచోవడం తప్ప నాకు పనేమీ కనిపించలేదు. పొద్దున్నుంచీ కాఫీ లేదు కూడా. పిల్లిలా వంటింట్లోకి వెళ్ళి, గ్లాసులో నిన్నటి డికాషనూ పాలూ కలిపి, ఓవెన్లో పెట్టి, నిమిషం నొక్కాను.

పది సెకన్లు కూడా కాలేదు. గోడ అవతల్నుంచి కేక.

“ఏమండీ! ముందా ఓవెను ఆపండి!”