కూలర్ కొనకండి, కరెంటు తగ్గించండి

ఆట లోడవుతుండగా తెర మూలన 95 డిగ్రీలు కనబడగానే అందరూ చెప్పే మందు ఒకటే: పెద్ద కూలర్ కొను, ఫ్యాన్లన్నీ ఫుల్ స్పీడులో పెట్టు. నేను చెప్పేది దానికి పూర్తిగా ఎదురు. కూలర్ జోలికి వెళ్లకండి, ఫ్యాన్లను నెమ్మదిగానే తిరగనివ్వండి. ప్రాసెసర్‌కు అందే కరెంటు తగ్గించండి.

ఏఎండీ 2022 సెప్టెంబరులో తెచ్చిన రైజెన్ 7950ఎక్స్‌నే తీసుకోండి. కోర్లన్నీ పనిలో పడితే 95 డిగ్రీల దాకా వెళ్లి అక్కడే నిలబడేలా దాన్ని తయారు చేశారు. ఇంకా మంచి కూలర్ పెడితే ఆ వెసులుబాటును అది వేగం పెంచుకోవడానికి వాడుకుంటుంది, మళ్లీ 95కే చేరుతుంది. వేలు పోసి కూలర్ మార్చాక కూడా అదే అంకె చూసి, దుకాణదారు మోసం చేశాడని గొడవకు దిగేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. తప్పు అతనిదీ కాదు, కూలర్‌దీ కాదు.

బయోస్‌లోకి వెళ్లి ఎకో మోడ్ పెట్టండి. 170 వాట్ల ప్రాసెసర్‌ను 105కు గానీ, 65కు గానీ దించవచ్చు. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు తేడా తెలుస్తుంది గానీ, ఆటలు అన్ని కోర్లనూ నిండా వాడుకోవడం అరుదు కాబట్టి మీకు దాదాపు తెలియదు. ఆ తర్వాత వోల్టేజీ. వాడే విద్యుత్తు వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పదో వంతు తగ్గిస్తే, వేగం అలాగే ఉన్నా, దాదాపు ఐదో వంతు వేడి పోతుంది. కొద్దికొద్దిగా దించండి. ఆట మధ్యలో ఆగిపోయినా, కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అయినా ఒక మెట్టు వెనక్కి రండి.

ఇంటెల్ వాళ్లయితే ఈ పని ఇవాళే చేయాలి. 13900కె, 14900కెలకు కంపెనీ పెట్టిన గరిష్ఠ టర్బో పవర్ 253 వాట్లు. చాలా మదర్‌బోర్డులు ఆ హద్దును ఎత్తేసే వచ్చాయి. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు తడబడటానికి అతి వోల్టేజీ కారణమని 2024 జులైలో ఇంటెలే చెప్పింది. ఆగస్టులో మైక్రోకోడ్ మార్పు ఇచ్చి, వారంటీని మరో రెండేళ్లు పెంచింది. అలా దెబ్బతిన్న చిప్‌ను కొత్త కూలర్ బాగుచేయదు. ముందు బయోస్ అప్‌డేట్ చేసి, ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగులు ఎంచుకోండి.

ఫ్రేములు పెరిగినా వేడి పెరుగుతుంది. 144 హెర్ట్జ్ మానిటర్ పెట్టుకుని సెకనుకు 300 ఫ్రేములు గీయించడం శుద్ధ దండగ. పోటీల్లో ఆడేవాళ్లు ఒప్పుకోరు, వాళ్ల అవసరం వేరు. మిగతావాళ్లు 140 దగ్గర కట్టడి చేసుకోండి. కొత్త ఆట షేడర్లు తయారుచేసుకుంటున్నప్పుడు కనిపించే వేడిని లెక్కలోకే తీసుకోకండి.

మే నెల సంగతి వేరే చెప్పాలి. మామూలు కూలర్ ఏదీ ప్రాసెసర్‌ను గది గాలి కంటే చల్లగా ఉంచలేదు. విజయవాడలో మధ్యాహ్నం గది 40 డిగ్రీలుంటే, 25 డిగ్రీల ఏసీ గదిలో కొలిచిన రివ్యూ అంకెలకు మరో 15 కలుపుకోవాల్సిందే. పైగా 400 వాట్లు లాగే కంప్యూటర్ ఆ 400 వాట్లనూ వేడిగా గదిలోకే వదులుతుంది. గది తలుపు తెరవండి. గదిని చల్లబరిచే నీళ్ల కూలర్ గాలిని మాత్రం క్యాబినెట్ మీదికి తిప్పకండి, తుంపర్లకు దుమ్ము తడిసి ముద్దకడుతుంది. ఒకసారి సైడ్ ప్యానెల్ తీసి ఆడి చూడండి. వేడి గట్టిగా తగ్గితే లోపం క్యాబినెట్‌లో గాలి ఆడకపోవడమే. దుమ్ము దులపండి, గోడ నుంచి జానెడు దూరం జరపండి.

నా సలహా పనికిరాని చోటు ఒకటుంది. ఏ పనీ లేకుండానే 80 దాటుతుంటే కూలర్ సరిగా కూర్చోలేదు. అడుగున ప్లాస్టిక్ పొర ఒలవకుండా బిగించారేమో, నీళ్లతో పనిచేసే ప్రాసెసర్ కూలర్ అయితే దాని పంపు తీగ పెట్టడం మరిచారేమో చూడండి. థర్మల్ పేస్ట్‌కు బదులు టూత్‌పేస్ట్ రాయకండి, అది ఎండి పిడచకడుతుంది.

ఇవన్నీ చూసుకున్నాక ఆట తడబడకుండా సాగుతుంటే, ఉష్ణోగ్రత చూపించే ఆ సాఫ్ట్‌వేర్‌ను తీసేయండి. హద్దు దాటబోతే వేగం తగ్గించుకోవడం, అప్పటికీ ఆగకపోతే ఆరిపోవడం ప్రాసెసర్‌కే తెలుసు.