బాహూరు మీద ఇంగ్లీషు కరపత్రం వేయడం ఎలా?

పుదుచ్చేరికి దక్షిణంగా, వరిమళ్ళ మధ్య ఉన్న ఊరు బాహూరు. చోళుల నాటి మూలనాథస్వామి గుడి, పెద్ద చెరువు, పల్లవుల తామ్రశాసనం అన్నీ ఉన్నాయి. వచ్చేపోయేవాళ్ళ కోసం ఇంగ్లీషులో ఒక కరపత్రం వేయడానికి సరుకు దండిగా ఉన్నట్టే. అడ్డొచ్చేది నిఘంటువొక్కటే కాబట్టి ముందు దాన్ని అటక ఎక్కించాలి. ఆపైన పాటించాల్సిన నియమం ఒకటే: దగ్గరదగ్గరగా ఉన్న రెండు ఇంగ్లీషు మాటల్లో ఏది ఘనంగా వినిపిస్తే దాన్నే దించేయాలి.

చెరువుతో మొదలుపెట్టవచ్చు. పుదుచ్చేరి ప్రాంతంలో ఊసుడు చెరువు తర్వాత పెద్దది ఇదే. కట్ట వేసి నీళ్ళాపి, తూముల గుండా పొలాలకు వదిలేదాన్ని దొరలు తమ రికార్డుల్లో ‘ట్యాంక్’ అని రాసుకున్నారు. సహజంగా ఏర్పడిన నీటి మడుగైతే ‘లేక్’. కానీ ఈ రోజుల్లో ట్యాంకంటే మేడ మీది నల్ల ప్లాస్టిక్ తొట్టి, లేదంటే సైన్యం నడిపే ఉక్కుబండి. (ఆ బండికి పేరొచ్చిన తీరూ తమాషాయే. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్‌వాళ్ళు గుట్టు బయటపడకుండా, తయారవుతున్నవి నీళ్ళ తొట్లని ప్రచారం చేశారు.) కాబట్టి నిస్సంకోచంగా ‘లేక్’ అనే రాయాలి. ఎవరైనా నిలదీస్తే హైదరాబాదును చూపిస్తే సరి. అక్కడ కట్ట పేరు ట్యాంక్‌బండ్, ఆ కట్ట ఆపిన నీళ్ళు మాత్రం హుస్సేన్‌సాగర్ లేక్!

తర్వాత పోరాటం సంగతి. 1752లో స్ట్రింజర్ లారెన్స్ నడిపిన ఇంగ్లీషు సేన ఈ ఊరి దగ్గరే ఫ్రెంచివాళ్ళను ఓడించింది. వాళ్ళ సేనాని కెర్జాన్ పట్టుబడ్డాడు. ఇంగ్లీషు లెక్కలో ఇది ‘బ్యాటిల్’. 1749 నుంచి 1754 దాకా సాగిన రెండో కర్ణాటక యుద్ధం ‘వార్’, బాహూరు అందులో ఒక ఘట్టం. తెలుగువాడికి ఈ తేడా పట్టదు. 1757లో ఒక్కరోజులో ముగిసిన బొబ్బిలిదీ యుద్ధమే, పద్దెనిమిది రోజుల కురుక్షేత్రమూ యుద్ధమే. ఆ ధైర్యంతోనే ‘వార్ ఆఫ్ బాహూర్’ అని అట్ట మీద పెద్దక్షరాల్లో వేయించాలి. దాని ముందు ‘హిస్టారికల్’ వేయాలా, ‘హిస్టారిక్’ వేయాలా అని తెల్లవార్లూ తర్జనభర్జన అక్కర్లేదు. గతంలో జరిగిన ప్రతిదీ మొదటిదే, చరిత్ర గతిని మార్చిందే రెండోది. మనకు రెండూ ‘చారిత్రకమే’ కనుక, అచ్చులో తక్కువ చోటు పట్టేదాన్ని వాడుకోవచ్చు.

శాసనం దగ్గర మాత్రం కాస్త గొంతు పెంచాలి. తొమ్మిదో శతాబ్దంలో పల్లవ నృపతుంగుడి ఎనిమిదో పాలనా సంవత్సరంలో, బాహూరులోని విద్యాస్థానానికి మూడు ఊళ్ళు దానంగా దక్కిన వైనం అందులో ఉంది. ‘స్కూల్’ అంటే చిన్నతనం, ‘కాలేజ్’ అంటే ఫీజులు గుర్తొస్తాయి. ‘యూనివర్సిటీ’ అనేయాలి. డిగ్రీలిచ్చేదాన్నే యూనివర్సిటీ అంటారని గొణిగేవాళ్ళకు మూడు ఊళ్ళ రాబడి సంగతి చెప్పి నోరు మూయించవచ్చు. నిజానికి ఆ దానం ముందు మన కాలేజీల గ్రాంట్లు దిగదుడుపే.

ఇక చివరి పేజీ, అసలు తలనొప్పి. 1954 నవంబరు 1న ఫ్రెంచివాళ్ళు పాలన అప్పగించారు, అది ‘డి ఫ్యాక్టో’. ఒప్పందం మీద సంతకాలు 1956లో అయ్యాయి. చట్టరీత్యా బదిలీ, అంటే ‘డి జూరే’, 1962 ఆగస్టు 16న. మధ్యలో ఎనిమిదేళ్ళ పాటు బాహూరులో పెత్తనం ఢిల్లీది, కాగితం పారిస్‌ది. మెర్జర్, ట్రాన్స్‌ఫర్, లిబరేషన్ మాటల్లో ఏది రాసినా మిగతా రెండింటివాళ్ళూ తగువుకొస్తారు. పుదుచ్చేరిలో భాగమైన మన యానాంలోనూ ఇదే పేచీ. అందుకని ‘ఇండిపెండెన్స్’ అని రాసి, పక్కన 1947 ఆగస్టు 15 అని వేసి, ప్రూఫు ఎవరికీ చూపకుండా నేరుగా ప్రెస్సుకు పంపేయాలి.