నూనెతో నూనె వదిలించే విద్య

బెజవాడలో ఇడ్లీ బండ్లకు పోటీగా వీధికో షాంపూ కుటీర పరిశ్రమ వెలిసింది. బెంజి సర్కిల్ నుంచి పటమట దాకా ఏ అపార్టుమెంటు లిఫ్టు ఎక్కినా ఓ కాగితం కనబడుతుంది: ‘మొక్కల నూనెలతో ఇంట్లో చేసిన షాంపూ. నూరు శాతం సహజం. కెమికల్స్ లేవు.’ కెమికల్స్ లేవంటే అందులో నీళ్లు కూడా లేవన్నమాట. నూనె కూడా లేదు. ఇక ఉత్త సీసాకు ఎవరు మాత్రం డబ్బులిస్తారు?

మొగల్రాజపురంలో ఈ తయారీ ఒకటి దగ్గరుండి చూశాను. ఆవిడ ముందు గుంటగలగరాకు, మందారాకు, మెంతులు మరిగించారు. వడగట్టి, అందులో కొబ్బరినూనె, కాస్త ఆముదం పోశారు. ఇంతవరకూ బామ్మల కాలమే. ఆ తర్వాత సింకు కిందనుంచి ఓ తెల్ల ప్లాస్టిక్ డబ్బా బయటికొచ్చింది. మూత తీస్తే తీగలు సాగే చిక్కటి జిగురు.

“ఇదేమిటమ్మా?”

“బేస్, అన్నయ్యగారూ.”

“బేస్ అంటే?”

“బేసేనండీ. అది పోయకపోతే నురగ రాదు.”

డబ్బా తిప్పి చూస్తే, పక్కన చిన్న అక్షరాల్లో సోడియం లారెత్ సల్ఫేట్. కిరాణా కొట్లో తోరణంలా వేలాడే రూపాయి షాంపూ ప్యాకెట్లలో చాలావాటికి నురగ తెప్పించేదీ అదే. అక్కడుంటే విషం, సింకు కిందికొస్తే బేస్.

అసలు చిక్కు ఎక్కడంటే, నూనె జిడ్డును నూనె కడగలేదు. నీళ్లకూ నూనెకూ పొత్తు కుదిర్చే మధ్యవర్తి ఒకడు కావాలి. ఆ మధ్యవర్తి కుంకుడుకాయలోని సాపోనిన్ కావచ్చు, సబ్బు కావచ్చు, డబ్బాలో జిగురు కావచ్చు. తమాషా ఏమిటంటే, అందరూ తిట్టిపోసే ఆ లారెత్ వంశమూ తరచుగా కొబ్బరినూనె, పామ్ గింజల నూనెల దగ్గరే మొదలవుతుంది. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. మొక్కలోంచి వచ్చిందే సహజమనుకుంటే, కోనసీమ కొబ్బరిచెట్టు కింద నిలబడి ఆ రూపాయి ప్యాకెట్టుకు దణ్ణం పెట్టుకోవచ్చు.

బేస్ కూడా ముట్టని నిష్ఠాపరులున్నారు. వాళ్లు నూనెనే సబ్బుగా మారుస్తారు. వంద గ్రాముల కొబ్బరినూనెకు సుమారు 18 గ్రాముల కాస్టిక్ సోడా, ద్రవంగా కావాలంటే సుమారు 26 గ్రాముల కాస్టిక్ పొటాష్. చేతికి తగిలితే చర్మం కాలుతుందని తొడుగులు వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని మరీ ‘కెమికల్ ఫ్రీ’ తయారుచేస్తారు. లెక్క కుదిరితే కాస్టిక్ అంతా సబ్బుగా మారిపోతుంది, నిజమే. ఆ సబ్బు పీహెచ్ మాత్రం తొమ్మిదీ పదీ మధ్య ఉంటుంది. మాడుది అయిదున్నర దరిదాపు. పైగా డెల్టాలో చాలా ఊళ్ల బోరు నీళ్లు సబ్బు విరిగే నీళ్లు. నీళ్లలోని కాల్షియంతో కలిసి సబ్బు తెల్లటి తెట్టె కట్టి వెంట్రుకల్ని పట్టుకుంటుంది. దానికి విరుగుడు నిమ్మరసమట! ముందు క్షారం, వెనక ఆమ్లం, మధ్యలో మీ జుట్టు.

మూడో తెగవాళ్లు అందరికన్నా అమాయకులు. బేసూ లేదు, కాస్టిక్కూ లేదు. కలబంద గుజ్జు, ఆముదం, కొబ్బరినూనె మిక్సీలో తిప్పి తలకు పట్టిస్తారు. అది షాంపూ కాదు, తలకు పెట్టిన పోపు. ఆముదంతో ఆటలొద్దు కూడా. ఆముదం, కొబ్బరినూనె పట్టించి తలస్నానం చేసిన ఓ యువతి జుట్టు విప్పడానికి వీల్లేకుండా పక్షిగూడులా ముద్దకట్టిందనీ, చివరికి కత్తిరించాల్సి వచ్చిందనీ కేశవైద్యుల పత్రికలో 2017లోనే రాశారు.

ఇంత చెప్పినా, “ప్రకృతి ఇచ్చింది హాని చేస్తుందా?” అని అడుగుతారు. పెరట్లో గన్నేరు, రోడ్డు పక్కన ఉమ్మెత్త, ఆముదం గింజలోని రైసిన్ కూడా ప్రకృతి ఇచ్చినవే. అంతెందుకు, రొయ్యల చెరువుల్లో అక్కర్లేని చేపల్ని చంపడానికి చల్లే టీ గింజల పిండిలో పనిచేసేవీ సాపోనిన్లే. కైకలూరు వైపు ఏ చెరువు రైతునైనా అడగండి.

నిజంగా ఇంట్లో అయ్యే షాంపూ ఒకటుంది, పేరు కుంకుడు రసం. కాయలు రాతితో చితక్కొట్టి, గింజ తీసేసి, వేణ్ణీళ్లలో నానబెట్టి చేత్తో పిసికితే నురగ. బోరు నీళ్లకూ అది సబ్బులా విరగదు. కళ్లు మండితే నోట్లో ఉప్పుకల్లు పెట్టేది బామ్మ. మిగిలిన రసం పారబోసేది తప్ప సీసాలో పోసి అమ్మలేదు. నిలవ మందు కలపని రసం మే నెల బెజవాడలో ఎన్నాళ్లుంటుందో ఆవిడకు తెలుసు. నూనె కూడా తలంటుకు ముందే పెట్టేది. కొబ్బరినూనె ముందే పట్టిస్తే కడిగేటప్పుడు వెంట్రుకలోని ప్రోటీన్ తక్కువ పోతుందని 2003లో పరిశోధకులూ తేల్చారు. మనవాళ్లేమో అదే నూనెను షాంపూలోనే పోసి, కడిగేసి, బాత్రూం తూముకు పోషణ చేస్తున్నారు.

1956 నుంచీ ఉన్న మన గిరిజన సహకార సంస్థ అడవి సరుకు కొంటుంది, కుంకుడు పొడీ అమ్ముతుంది. దానికి లావెండర్ వాసన లేదు, కళ్లు మండుతాయి. అందుకని అది ‘పాతకాలం’. జిగురు డబ్బా ‘బామ్మగారి రహస్యం’!

అమ్మకానికి చేసే సౌందర్య సాధనాలకు లైసెన్సు ఉండాలనీ, అందులో ఏమున్నాయో సీసా మీద అచ్చు వేయాలనీ 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనలు చెబుతున్నాయి. మొగల్రాజపురం ఆవిడకు ఈ మాటే చెప్పి, “మరి బేస్ సంగతి ఎక్కడ రాస్తారమ్మా?” అని అడిగాను. సీసా మీద చోటు లేదన్నారు. తులసాకు బొమ్మ పెద్దదైపోయిందట.