నాలుకను ఏమీ అనకండి

పిల్లాడికి క్లిప్పులు వేయించారు కదా, ఇక మీ పని అయిపోయింది. డాక్టరుగారు నాలుక గురించి ఏదో చెప్పబోతే, ఈ నెల ఎంత కట్టాలని అడగండి. మాట మారిపోతుంది.

గుటక వేసినప్పుడల్లా వాడి నాలుక పైపళ్లకూ కిందిపళ్లకూ మధ్య నుంచి తొంగిచూస్తోందా? చూడనివ్వండి. పాలు తాగే వయసులో పిల్లలందరూ అలాగే మింగుతారు. చాలామందికి 6 ఏళ్లు వచ్చేసరికి ఆ తీరు మారుతుంది. మీవాడికి 13 వచ్చినా మారలేదంటే పసితనం పోలేదని మురిసిపోండి. సేమ్యా పోగు ముందు పళ్లతో తెగడం లేదా? సేమ్యా మానేయండి.

అసలు చిక్కు గుటకతో కాదంటారు ఈ డాక్టర్లు. గుటక క్షణం పని. టీవీ ముందు, హోంవర్కు ముందు నాలుక గంటల తరబడి పళ్ల మధ్య పడుకుని ఉండటమే చేటట. మెల్లగా, వదలకుండా నెడితే పళ్లు కదులుతాయన్న మాట నిజమే. క్లిప్పులు పనిచేసేదీ అలాగే. కానీ తీగకు వేలు పోశారు, నాలుక ఊరికే వచ్చింది. ఏది గెలుస్తుందో వేరే చెప్పాలా?

చిన్న రబ్బరు రింగును నాలుక కొసన పెట్టుకుని, పైపళ్ల వెనక గరుకు మడతలకు ఆనించి, పళ్లు కలిపి గుటక వేయాలి. ఇదీ వాళ్లిచ్చే కసరత్తు. రోజూ ఎందుకు? డాక్టరు దగ్గరికి వెళ్లే ముందురోజు రాత్రి చేయించండి, పరీక్షలకు చదివించినట్టు. మిగతా రోజుల్లో చుట్టాల ముందు "ఒరేయ్, నాలుక లోపల పెట్టు!" అని అరవండి. వాడు ఠక్కున నోరు మూస్తాడు. లోపల నాలుక ఎక్కడుందో ఎవరు చూడొచ్చారు!

ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్లు పెరిగి ముక్కు మూసుకుపోతే పిల్లలు నోటితో గాలి పీలుస్తారు, నాలుక కిందికీ ముందుకూ జారుతుంది. అందుకని ఈఎన్‌టీ డాక్టరుకు చూపించమంటారు. మీరు మాత్రం ఆవిరి పట్టించి ఊరుకోండి.

పైపళ్ల వెనక క్రిబ్ పెడితే, అంటే నాలుకకు అడ్డంగా తీగ కంచె కడితే, మొదట్లో మాట ముద్దగా వస్తుంది, తిండి ఇబ్బందవుతుంది. అమ్మమ్మ కళ్లొత్తుకోగానే తీయించేయండి.

ఆఖర్న, సర్దిన పళ్లు మళ్లీ కదలకుండా పట్టి ఉంచే రిటెయినర్ ఇస్తారు. పెళ్లిభోజనంలో దాన్ని టిష్యూలో చుట్టి విస్తరి పక్కన పెట్టమనండి. విస్తళ్లు ఎత్తేవాళ్లు మిగతాది చూసుకుంటారు.

పళ్ల మధ్య సందు మళ్లీ తెరుచుకున్నాక మాత్రం కొత్త డాక్టరును వెతుక్కోండి. పాతాయన బీరువాలో మొదటిరోజు తీసిన పళ్ల అచ్చు ఇంకా ఉంటుంది.