పసరు బాబాయి

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. పసరు బాబాయి అడక్కుండానే పెడతాడు. పెట్టేది పసరు కావడమే చిక్కు.

ప్రతి కాలనీకీ ఒక పసరు బాబాయి ఉంటాడు. హెడ్ గుమాస్తాగానో, లెక్కల మాస్టారుగానో రిటైరై ఉంటాడు. వైద్యం ఎక్కడా చదవలేదు. వాళ్ల మేనత్త మామగారు చెబుతుంటే చెవిన పడింది, అంతే. ఆయన శాస్త్రంలో మనిషికి ఒకటే అవయవం, లివరు. మోకాళ్లు నొప్పులన్నా, నిద్ర పట్టడం లేదన్నా, అబ్బాయికి ఉద్యోగం రావట్లేదన్నా ఒకటే మాట: "ముందు లివరు సంగతి చూసుకోవాలమ్మా!"

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందని సామెత. బాబాయికి కామెర్లు ఎన్నడూ రాలేదు, అయినా లోకం పచ్చగానే కనబడుతుంది. పాల ప్యాకెట్ కోసం వీధిలోకొచ్చినవాణ్ణి ఆపి, కనురెప్ప లాగి, "కింద నేల చూడు... ఊఁ, ఇటు తిరుగు. ఒంటికెళ్తే ఏ రంగు?" అని నలుగురూ వినేలా అడుగుతాడు. "బీ కాంప్లెక్స్ మాత్రలు వేసుకుంటున్నా బాబాయ్, అందుకే పసుపు" అన్నా వినడు. ఆమధ్య నలుగు పెట్టి కూర్చోబెట్టిన పెళ్లికూతుర్ని చూసి, పురోహితుణ్ణి పక్కకు పిలిచి ముహూర్తం వాయిదా వేయించబోయాడు. డాలస్‌లో ఉన్న అల్లుణ్ణి వీడియో కాల్‌లో చూసి, "కళ్లు పచ్చబడ్డాయి నాయనా" అని కంగారుపడ్డాడు. అల్లుడు లేచి బెడ్‌లైటు ఆర్పి ట్యూబులైటు వేస్తే కామెర్లు తగ్గాయి. పసరు వెయ్యకుండానే తగ్గిన కేసు ఆయన సర్వీసులో అదొక్కటే.

మందు పేరు మాత్రం అడక్కూడదు. చెబితే గుణం పోతుందట. ఆ రహస్యం తెలియనివాడు కాలనీలో లేడు. అది నేల ఉసిరి. ఆయుర్వేదంలో భూమ్యామలకి. నాలుగు వానలు పడితే చాలు, పొలం గట్టున, పూలకుండీలో, గోడ వార మొలిచేస్తుంది. జానెడో, కాస్త పైనో పెరుగుతుంది. ఉసిరాకు లాంటి ఆకు. రెమ్మ తిరగేస్తే అడుగున ఆవగింజ కన్నా కాస్త పెద్దగా పచ్చటి కాయలు వరసగా ఉంటాయి. పారిశుద్ధ్య కార్మికులు కలుపుతో పాటు పీకి బండిలో వేసే ఈ మొక్కనే బాబాయి తెల్లవారుజామున, టార్చిలైటు పట్టుకుని, వెనకా ముందూ చూసుకుంటూ పీకుతాడు. నేల ఉసిరి రాత్రిపూట ఆకులు ముడుచుకుంటుంది. పాపం, దాని నిద్ర కూడా చెడగొడతాడు. ఆయన దొడ్లోనే బోలెడుంది. కానీ పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా, డ్రైనేజీ పక్కన ఖాళీ స్థలానికే పోతాడు.

తెచ్చిన మొక్కను వేరుతో సహా రోట్లో వేసి, కుళాయి నీళ్లు చిలకరించి, తలుపేసుకుని నూరతాడు. ఉసిరికాయంత ముద్ద, మజ్జిగలో, పరగడుపున, తూర్పుముఖంగా, మూడు రోజులు. మన దగ్గర వానాకాలంలో వచ్చే కామెర్లలో ఎక్కువ భాగం హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌ల వల్ల వచ్చేవే. మురుగు కలిసిన నీళ్లలోంచే అవి ఒంట్లోకి వస్తాయి. రోగం తెచ్చిన కుళాయి నీళ్లతోనే మందు నూరడం బాబాయికే చెల్లింది. పిన్ని గొడవ వేరు. "ఆ రోట్లో పచ్చడి నూరితే వారం దాకా చేదు పోదమ్మా, నా లివరు సంగతి ఎవరు చూస్తారు?" అంటుందావిడ.

బాబాయి డబ్బు పుచ్చుకోడు. పుచ్చుకుంటే పసరు పనిచెయ్యదట. ఆయన బలమంతా అక్కడే ఉంది. ఫీజు తీసుకునే డాక్టర్ని నిలదీయొచ్చు గానీ, ఉచితంగా ఇచ్చేవాణ్ణి ఏమని అడుగుతాం?

పైగా పథ్యం ఉంది. ఉప్పు, కారం, నూనె, పులుపు బంద్. చప్పిడి మజ్జిగన్నం. పసరు కన్నా పథ్యమే బాబాయికి ముఖ్యం. రోగం తగ్గితే పసరు మహిమ. తగ్గకపోతే రోగి పథ్యం చెడగొట్టినట్టు. "నేను ఏమీ తినలేదు బాబాయ్" అంటే, "తినకపోవచ్చు, ఆవకాయ జాడీ వైపు చూడలేదని ఒట్టు వెయ్యి" అంటాడు. ఆవకాయ జాడీ వైపు చూడని తెలుగువాడు ఇంకా పుట్టలేదు. కాబట్టి బాబాయికి ఓటమి లేదు.

ఎవరైనా చదువుకున్న కుర్రాడు ఎదురాడితే, ప్లాస్టిక్ కవరులోంచి పేపరు కటింగు ఒకటి బయటికొస్తుంది. అందులోది అబద్ధం కాదు. 1988లో లాన్సెట్ పత్రికలో మద్రాసు పరిశోధకులు ఒక వ్యాసం రాశారు. హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉన్నవాళ్లకు నేల ఉసిరి పొడి ఇస్తే, మళ్లీ పరీక్షకొచ్చిన 37 మందిలో 22 మందికి రక్తంలో ఆ వైరస్ ఆనవాలు పోయిందని, ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయిందని. ఆ వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ పేరు కూడా ఆ వ్యాసం మీద ఉంది. బాబాయి ఛాతీ పొంగడంలో తప్పులేదు. అయితే ఆయన క్యాలెండరు 1988 దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాత వేరే చోట్ల చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నిటినీ 2011లో కాక్రేన్ సమీక్షకులు వడపోసి, ఈ మొక్క హెపటైటిస్ బి తగ్గిస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చారు. ఆ మాటంటే బాబాయి కవరు మడిచి జేబులో పెట్టుకుని, "వాళ్లు పథ్యం చేయించి ఉండరు" అంటాడు.

అసలు సంగతి ఇంత రహస్యమేమీ కాదు. హెపటైటిస్ ఎ వచ్చినా, ఇ వచ్చినా ఎక్కువమందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. దెబ్బతిన్నా మళ్లీ పెరిగే శక్తి లివరుకుంది. అది రాత్రింబవళ్లు కష్టపడి కోలుకుంటుంటే, సరిగ్గా ఆ మూడు రోజులూ తూర్పుముఖంగా గ్లాసు అందించి పేరు కొట్టేసేది బాబాయి. నూటికి తొంభై మంది ఎలాగూ పాసయ్యే పరీక్షకు ట్యూషన్ చెప్పిన మాస్టారి ఖ్యాతి ఆయనది.

ఆ మిగతా వాళ్ల సంగతే నవ్వులాట కాదు. పిత్తనాళంలో రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లకు, మందులు వికటించి వచ్చిన కామెర్లకు, తాగుడు వల్ల వచ్చిన కామెర్లకు రంగు ఒకటే, వైద్యం వేరు. కనురెప్ప లాగి చూస్తే అవి విడివడవు. నిండు గర్భిణికి హెపటైటిస్ ఇ వస్తే ప్రాణం మీదకొస్తుంది. కామెర్లున్న మనిషి మత్తుగా పడి ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా, చిగుళ్లలోంచి రక్తం కారినా అది పసరు వేళ కాదు, అంబులెన్సు వేళ. ఆకుపసరు కదా, ఏం చేస్తుందిలే అనుకోవడమూ కుదరదు. కరోనా రోజుల్లో అందరూ తాగిన తిప్పతీగ వల్ల లివరు దెబ్బతిన్న కేసులు చూశామని 2021లో ముంబయి డాక్టర్లు రాశారు. కాదని ఆయుష్ మంత్రిత్వ శాఖ వాదించింది. వాదన ఎటు తేలినా, ఏ మొక్క తాగుతున్నదీ డాక్టరుతో చెప్పడం మన బాధ్యత.

పసరు బాబాయి మంచివాడు. కాలనీలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందు వచ్చి మంచం పక్కన కూర్చునేది ఆయనే. ఆయన్ని రమ్మనండి, కాఫీ ఇవ్వండి, తగ్గాక పేరు కూడా ఆయనకే ఇచ్చెయ్యండి. బిలిరుబిన్ పరీక్ష మాత్రం కళ్లు పచ్చబడ్డ రోజే చేయించుకోండి. నీళ్లు కాచి తాగండి. పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా వేయించండి. దానికి పథ్యం కూడా లేదు.