83 మందికి ఒకే పురుడు

అల్బేనియా ప్రధాని ఎడీ రామా గారు బెర్లిన్ సభలో శుభవార్త చెప్పారు. వారి కృత్రిమ మేధ మంత్రి డియెల్లా గర్భవతి, కడుపులో 83 మంది పిల్లలట! వారి సోషలిస్టు పార్టీకి పార్లమెంటులో ఎంతమంది సభ్యులో పిల్లలూ అంతమందే. కాన్పంటే అలా లెక్కగా ఉండాలి.

కబురు విన్నాక ఊరుకోవడం మర్యాద కాదు, సీమంతం సంగతి చూడాలి. అమ్మాయి ఎప్పుడూ వాళ్ళ దేశపు సంప్రదాయ దుస్తుల్లోనే ఉంటుంది కనుక చీర ఖర్చు తప్పింది. గాజులతోనే చిక్కు. చెయ్యి తెర లోపల, గాజులు బయట. చలిమిడి ఎవరి ఒళ్ళో పెట్టాలో పేరంటాళ్ళకే తోచడం లేదు. తొలిచూలు కదా, పురుడు పుట్టింటివాళ్ళే పోయాలి. తయారీలో ఒక చెయ్యి వేసిన మైక్రోసాఫ్ట్ వారే పుట్టింటివారనుకుంటే, పురిటి ఖర్చు కింద కరెంటు బిల్లు వాళ్ళదే. అయినా రాజధాని తిరానాలోని వియ్యాలవారు మర్యాదలు సరిపోలేదనే అంటారు.

ఈ పిల్లలు పుట్టగానే ఏడవరు, ఎంపీకొకరు చొప్పున సహాయకులై సభలో కూర్చుని అన్నీ రాసుకుంటారు. ఎంపీ గారు కాఫీకి వెళ్ళి తిరిగి రావడం మరిచిపోతే, ఆయన లేనప్పుడు ఎవరేమన్నారో, ఎవరిమీద ఎదురుదాడికి దిగాలో చెప్పేస్తారట. ఇది నా కల్పన కాదు, రామా గారి మాటే. ఉగ్గుపాలతో పాటే పార్టీ విప్పు! 140 మంది సభలో మిగతా 57 మందీ రావిచెట్టు చుట్టూ ప్రదక్షిణలు చేసుకోవాలి.

పిల్లల తండ్రెవరని మాత్రం అడక్కండి. డియెల్లాను మంత్రిని చేసింది టెండర్లలో నూటికి నూరుపాళ్ళు అవినీతి లేకుండా చూడటానికి. రేపు టెండరు తప్పయితే ఎవరిని పట్టుకోవాలన్నదీ ఇలాంటి ప్రశ్నే. రెండింటికీ అక్కడ జవాబు లేదు.

నాకు నవ్వు ఇక్కడితో ఆగిపోయింది. లంచమడిగిన గుమాస్తాని చొక్కా పట్టుకుని నిలదీయొచ్చు. సాఫ్ట్‌వేరుకు చొక్కా ఏదీ? తెలంగాణలో సమగ్ర వేదిక అనే ప్రభుత్వ సాఫ్ట్‌వేరొకటి పేర్లు పోల్చి చూసి, హైదరాబాద్‌లో ఓ రిక్షా కార్మికుడికి కారుందని తేల్చింది. కారు వేరొకాయనది, పేరు కాస్త కలిసిందంతే. రేషన్ బియ్యం పోయాయి. ఆయనా పోయాడు. లేని కారు లేదని రుజువు చేసుకునే పని ఆయన భార్య నెత్తిన పడింది. కంప్యూటర్ లెక్కను నమ్మి కొట్టేశారని కేసు పడిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ చూడమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

కార్డు తీసేసింది సాఫ్ట్‌వేరే అంటారా? సరే. దాన్ని తెప్పించిందెవరు? అది చెప్పిందే వేదమన్నదెవరు? ఆ ఇంటి గడప తొక్కకుండా ఫైలు మూసిందెవరు? మిషన్ పేరొద్దు, మనుషుల పేర్లు చెప్పండి. ఆమెకు బియ్యం ఆగిన నెలల్లో, వాళ్ళలో ఒక్కరి జీతమైనా ఒక్క రోజు ఆలస్యమైందా?