పావుగంటలో ఉడికేదాన్ని

నేను కొర్రను. నంద్యాల దగ్గర మెట్టచేలో పుట్టాను. మాది సూర్యనంది రకం, నంద్యాల పరిశోధన కేంద్రం వాళ్లు తయారుచేసినది. విత్తిన మూడు నెలల్లోపే కంకి బరువుకు వంగి కోతకొస్తాం. వరిమడికి పెట్టినన్ని నీళ్లు మాకు అక్కర్లేదు.

ఒకప్పుడు సీమలో, పాలమూరులో కొర్రన్నం రోజూ తినే తిండి. నేనేమో ఆవగింజంత, నా పొట్టేమో నున్నగా, గట్టిగా ఉంటుంది. దాన్ని వదిలించడానికి ఆడవాళ్లు రోట్లో దంచి, చెరిగి, మళ్లీ దంచేవాళ్లు. 1983లో రెండు రూపాయలకే కిలో బియ్యం వచ్చాక ఆ చాకిరీ మానుకున్నారు. వాళ్లది తప్పని నేనెప్పుడూ అనను. ఇప్పుడు ఆ పని మిల్లు చేస్తోంది. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక నా పేరు మళ్లీ వినిపిస్తోంది. కాకపోతే షుగరు ఉన్నవాళ్ల తిండి అన్న ముద్ర పడింది. నాకు బాధ కలిగించేది అదొక్కటే. నాకూ రుచి ఉందయ్యా!

మిల్లు నుంచి రైతు ఇంటికే తిరిగొచ్చాను. నడి ఎండాకాలం. అవ్వ పొద్దున్నే నన్ను కడిగి నానబోసింది. పప్పూ అన్నం పొయ్యి దిగాక మనవరాలు బీరకాయ అందుకుని, కొస కోసి నాలుకకు తాకించింది.

“చేదు లేదవ్వా.”

“ఆ చెక్కు పారేయొద్దు మే, రేపు పచ్చడి నూరుదాం.”

శనగనూనెలో ఆవాలు చిటపటలాడాయి. శనగపప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు, ఉల్లిపాయ వేగాక బీరముక్కలు, పసుపు, ఉప్పు పడ్డాయి. రెండు నిమిషాలకే ముక్కల్లోంచి నీరు ఊరింది. మనవరాలు నన్ను వడకట్టి అందులో వేసి కాస్త వేయించింది. మామూలుగా గ్లాసు కొర్రలకు రెండు గ్లాసుల నీళ్లు లెక్క. బీరకాయ నీరుంది కనుక గ్లాసున్నర పోసింది. మూత, సన్నసెగ. పది నిమిషాల్లో నీళ్లన్నీ పీల్చుకున్నాను. మధ్యలో అవ్వ గరిటె పెట్టనివ్వలేదు. కలిపితే ముద్దవుతానని ఆమెకు తెలుసు.

పొయ్యి ఆపాకే మామిడికాయ కోరు. పులుపు ముందే పడితే ముక్క మెత్తబడదు. మళ్లీ మూతపెట్టి అయిదు నిమిషాలు వదిలేసి, అంచుల నుంచి పైపైన కదిపితే గింజకు గింజ విడివడ్డాను. బీరకాయ తీపి, మామిడి పులుపు రెండూ నాలోకి ఇంకాయి. పప్పన్నం పక్కన నన్ను వడ్డించారు. మనవరాలు పప్పు సంగతి మరిచి ముందు నన్నే తింది.

బీరకాయ దొరక్కపోతే లేత సొరకాయ వేయండి, బెండకాయ అయితే విడిగా వేయించి చివర్లో కలపండి. కొర్ర వండాలంటే బోలెడు పనని మాత్రం అనుకోకండి. పొద్దున కాఫీ పెట్టుకునేటప్పుడే ఒక గ్లాసు నానబోయండి. మధ్యాహ్నం పొయ్యి దగ్గర మీకు మిగిలేది పావుగంట పనే.